ఎడమ నుంచి మూడో గ్లాసు

నల్లగొండ నుంచి హైదరాబాదుకు తొలి బస్సు ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు బయలుదేరేది. దూరం అరవై రెండు మైళ్లు. ఇంజనుకు నీళ్లు పోయడానికి దారిలో రెండు చోట్ల ఆగేది కాబట్టి గౌలిగూడ చేరేసరికి పదికి పది నిమిషాలు తక్కువయ్యేది. అక్కడి నుంచి బేగంబజారులో గాజు సామాను అమ్మే సందుకు కాలినడకన ముప్పావు మైలు. 1961 జూన్‌లో ఒక సెలవు దినాన మా చిన్నమ్మ, చిన్నాయన, నేను ఇంత దూరమూ ప్రయాణం చేసింది ఆరు గాజు గ్లాసుల కోసం. ఎత్తు నాలుగూ ముప్పావు అంగుళాలకు మించకూడదు, అడుగు బరువుగా ఉండాలి, ఆరూ ఆరు వేరు వేరు రంగులు కావాలి. ఈ మూడు షరతులూ చిన్నమ్మవి.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. హైదరాబాదులో రెండేళ్లు నక్షాల గీత నేర్చుకుని నల్లగొండ నీటిపారుదల కార్యాలయంలో కాలువల పటాలు గీసే ఉద్యోగంలో చేరి ఏడాది దాటింది. చిన్నమ్మ మా అమ్మకు స్వయానా చెల్లెలు. ఆమెదీ చిన్నాయనదీ భువనగిరి దగ్గర ఒక చేనేత పల్లె. చిన్నాయన కుడి భుజం పట్టేసి మగ్గం నడపడం అసాధ్యమైన తరువాత వాళ్లిద్దరూ నల్లగొండ వచ్చి, ఆఫీసులకు దగ్గరగా ఒక ఇల్లు కిరాయికి తీసుకుని, ఉద్యోగులకు పగటి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. నేను వాళ్లతోనే ఉండేవాణ్ణి. తినేవాళ్లు నాతో కలిపి ఆరుగురు. ఆ ఆరుగురు ఇచ్చేదానితోనే ఇల్లూ, బియ్యమూ, చిన్నాయన భుజానికి మందూ గడవాలి. ఆరులో సగం తగ్గితే ఆ వంటిల్లు మూసుకోవలసిందే. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. చిన్నమ్మ మాత్రం రోజూ పొయ్యి ముట్టించే ముందు వాకిట్లో నిలబడి రోడ్డు వైపు ఒకసారి చూసేది.

నేల మీద పీటలు వేసే పద్ధతి మొదటి రెండు నెలలే సాగింది. ప్యాంట్లు తొడుక్కుని వచ్చే గుమాస్తాలకు కింద కూర్చుని లేవడం ఇబ్బందిగా ఉండేది. వాళ్లలో పెద్ద గుమాస్తా గారికి మోకాలి నొప్పి. బల్ల కావాలని అందరికంటే ముందు అడిగింది ఆయనే. కొనే స్తోమత లేదు. ఊళ్లో విప్పిపెట్టిన మగ్గం కలపను చిన్నాయన ఎడ్లబండి మీద తెప్పించాడు. నేను ఆరడుగుల పొడవు, రెండడుగుల పది అంగుళాల వెడల్పు, ముప్పై అంగుళాల ఎత్తుతో నక్షా గీసి ఇచ్చాను. చిన్నాయన వడ్రంగితో చేయించిన బల్ల ఇరవై ఆరు అంగుళాల ఎత్తు వచ్చింది. మొదటి రోజు గుమాస్తాల మోకాళ్లు ఒకటి తరువాత ఒకటి బల్లకు తగిలాయి.

"నక్షాల ముప్పై అని రాసిచ్చిన గద చిన్నాయినా," అన్నాను.

"నీ నక్షా కాగితం మీద ఉన్నది. నేను మగ్గం మీద కూసున్నట్టు కూసొని కొలిచిన. నాకు కరెక్టుగ సరిపోయింది. వాళ్ల కాళ్లు పొడుగైతె నేనేం జేద్దు?"

జీవితమంతా మగ్గం గుంతలోకి కాళ్లు దించుకుని కూర్చుని పనిచేసిన మనిషి, కూర్చున్నప్పుడు కాళ్లకు జాగా అడుగున ఎటూ ఉంటుందనే అనుకున్నాడు. నాలుగు కాళ్ల కింద నాలుగంగుళాల చెక్కదిమ్మెలు పెట్టి సరిచేశాం. ఆ దిమ్మెలు చివరి దాకా అలాగే ఉన్నాయి.

బల్ల వచ్చాక గ్లాసుల సమస్య వచ్చింది. నేల మీద ఎవరి చెంబు వాళ్ల పక్కన ఉండేది, వాళ్లు దాన్ని ఎత్తి గొంతులో పోసుకునేవాళ్లు. కుర్చీలో కూర్చున్న మనిషి అలా తాగలేడు, చొక్కా తడుస్తుంది. పెదవి ఆనించి తాగవలసిందే. పెదవి ఆనిందంటే ఎంగిలి. ఆరుగురూ ఆరు ఇళ్ల నుంచి, ఆరు రకాల ఆచారాల నుంచి వచ్చినవాళ్లు. వండింది ఎవరని అడగకుండా తినడానికి అలవాటు పడ్డారు గానీ, ఒకరు తాగిన దాంట్లో మరొకరు తాగడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఇత్తడి గ్లాసుల మీద పేర్లు చెక్కిద్దామని పెద్ద గుమాస్తా గారు సూచించారు. అప్పటికి చిన్నమ్మ తల ఊపింది. ఆయన వెళ్లిన తరువాత నాతో అన్న మాట వేరు.

"పేర్లు కొట్టిస్తె బల్ల నడిమిట్ల గోడ కట్టినట్టె ఉంటది కొడుకా. ఒక్కొక్కల్లకు ఒక్కొక్క రంగు ఇద్దాం. ఎవలది వాళ్లకు ఎరుకైతది. సూసెటోళ్లకు ముచ్చటగ ఉంటది."

బేగంబజారు దుకాణంలో చిన్నమ్మ మొదటి గంట ఏదీ కొనలేదు. దుకాణందారు దీపం వెలుగులో వరుసగా పెట్టిన గ్లాసుల్లో ఒక్కొక్కటీ ఎత్తి చూసి దించింది.

"సేటూ, గీ గిలాసలు జర బయట ఎండల పెట్టు. నీ దుకాణంల అన్ని రంగులు ఒక్కతీరే ఉన్నయి."

"సామాను గడప దాటదమ్మా. పగిలితె ఎవరు జిమ్మేదారు?"

"దాటనియ్యి సేటూ," అన్నాడు చిన్నాయన. "ఆమె నూలు గూడ ఎండల సూడంది కొనలే. పెండ్లి సూపులకు పోతె నన్ను గూడ వాకిట్ల ఎండల నిలబెట్టే సూసిన్రు. రంగు ఎలిసిపోలేదని అప్పుడు ఒప్పుకున్నరు."

దుకాణందారు నవ్వాడు, గడప దాటనిచ్చాడు. చిన్నమ్మ తన వెంట తెచ్చుకున్న తెల్లబట్ట ముక్కను మెట్టు మీద పరిచింది. అది బల్ల కోసం తానే బంధువుల మగ్గం మీద నేసిన బట్టలోంచి కత్తిరించినది. గ్లాసును ఆ ముక్క మీద పెట్టి, గ్లాసును కాక దాని నీడను చూసేది.

"గిలాస రంగు గిలాసల ఉండదు. బట్ట మీద పడ్డదే అసలు రంగు," అంది నా వైపు తిరిగి.

నేను చూసింది అంచు. పైన రంగు పూసిన గ్లాసులో అంచు తెల్లగా కనిపిస్తుంది, తడి బొటనవేలితో నాలుగుసార్లు రుద్దితే పొర లేస్తుంది. కరిగేటప్పుడే రంగు కలిపిన గాజులో మందమైన చోట రంగు చిక్కబడుతుంది, అంచున పలచబడుతుంది. ఆ పరీక్షలో పదకొండు గ్లాసులు పోయాయి. దుకాణందారు నా బొటనవేలిని శత్రువును చూసినట్టు చూశాడు. మిగిలినవాటిలో చిన్నమ్మ ఆరు ఏరింది: తేనె రంగు, ఊదా, ఆకుపచ్చ, నీలం, ఎరుపు, పొగ రంగు. గులాబీ రంగుది ఒకటి ఎంతో అందంగా ఉంది. నీళ్లు పోసి చూసి పక్కన పెట్టేసింది. ఎందుకని అడిగాను.

"నీళ్లు పోస్తె పళ్లు కడిగిన నీళ్ల లెక్క ఉన్నది. అన్నం కాడ గది సూస్తె ఎవలన్న తింటరా?"

వరిగడ్డిలో చుట్టిన ఆ ఆరింటినీ తిరుగు ప్రయాణంలో అరవై రెండు మైళ్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

బల్ల మీద వాటిని అమర్చడం నేననుకున్నంత తేలికగా కుదరలేదు. మా భోజనాల గదికి దక్షిణాన ఒకటే కిటికీ. పన్నెండున్నరకు, అందరూ తినే వేళకు, ఎండ ఎదురింటి సున్నపు గోడకు తగిలి బల్ల మీద సగం దాకా వచ్చేది. మొదటి రోజు గ్లాసులను పళ్లేలకు కిటికీ వైపున పెట్టాం. రంగు నీడలు నేరుగా అన్నం మీద పడ్డాయి. ఆకుపచ్చ నీడలో పెరుగు బూజు పట్టినట్టు కనిపించింది. పెద్ద గుమాస్తా గారి పళ్లెంలో తెల్లటి అన్నం ఎర్రగా మెరిసేసరికి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఏమమ్మా, కోడిని కోసి నేరుగా నా కంచంల పెట్టినవా?" అన్నారు. అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు, ప్రతి గ్లాసునూ పళ్లేనికి అవతలి వైపుకు, పళ్లెం అంచు నుంచి జానెడు దూరానికి జరిపింది. ఇప్పుడు నీడలు అన్నాన్ని వదిలి తెల్లబట్ట మీద పడ్డాయి. ఆ బట్టకు అంచుల్లో తప్ప మరెక్కడా రంగు ఎందుకు వేయలేదో నాకు అప్పుడు అర్థమయింది. నీళ్లు తాగడానికి ఎవరైనా గ్లాసు ఎత్తినప్పుడల్లా బట్ట మీది రంగుమచ్చ కూడా లేచి, కదిలి, మళ్లీ తన చోటికి వచ్చి కూర్చునేది. పక్కింటి ఆడవాళ్లు పగటివేళ ఏదో పని చెప్పుకుని వచ్చి గుమ్మంలో నిలబడి చూసిపోయేవాళ్లు.

గ్లాసులు ఉండే చోటు కిటికీ పక్కన గోడకు బిగించిన చెక్క. దాని కిందే చల్లటి నీళ్ల రంజన్ ఉండేది. వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని, తమ గ్లాసు తీసుకుని, రంజన్‌లోంచి నీళ్లు ముంచుకుని వెళ్లి కూర్చోవడం పద్ధతి. దుకాణంలో ఏరిన వరుసలోనే చిన్నమ్మ వాటిని పేర్చింది. ఎడమ నుంచి మొదటిది, తేనె రంగుది, నాది. ఊదా, నీలం పెద్ద గుమాస్తా గారి వెంట వచ్చే ఇద్దరు గుమాస్తాలవి. పొగ రంగుది ఒక బడి పంతులుగారిది. ఎరుపు పెద్ద గుమాస్తా గారు స్వయంగా ఎంచుకున్నారు. మూడోది, ఆకుపచ్చది, పంతులుగారి స్నేహితునిది. ఆ స్నేహితుడు జూన్ చివర బదిలీ మీద వెళ్లిపోవడంతో ఆ గ్లాసు, ఆ కుర్చీ ఖాళీ అయ్యాయి.

జూలైలో ఆ కుర్చీలోకి కొత్త సర్వేయరు వచ్చాడు. హుజూర్‌నగర్ దగ్గరి పల్లె నుంచి, ఊరి చివరి వాడ నుంచి చదువుకుని పైకొచ్చిన కుర్రాడు. ఇంతకంటే ఎవరూ చెప్పలేదు, ఇంతకంటే ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేనే అతన్ని వెంట తీసుకువచ్చాను. చిన్నమ్మ అతని ఊరు అడిగింది, తల్లి ఉందా అని అడిగింది, కారం ఎంత తింటావని అడిగింది. "గా పచ్చ గిలాస నీది బిడ్డా, ఎడమ నుంచి మూడోది," అని చూపించింది. గుమాస్తాలు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్ద గుమాస్తా గారు తన ఎర్ర గ్లాసును రెండంగుళాలు తన వైపుకు జరుపుకున్నారు, అంతే. ఎవరి గ్లాసు వాళ్లకు ఉంది కాబట్టి ఏదైనా అనవలసిన అవసరం కలగలేదు. చిన్నమ్మ రంగులతో చేసిన ఏర్పాటు అప్పటికి ఆ బల్లను నిలబెట్టింది.

ఐదు వారాలు ఏ మాటా రాలేదు. శ్రావణంలో ముసురు పట్టింది. ఎండ లేక గది మసకగా ఉండటం చిన్నమ్మకు బాధగా ఉంది. ఒకరోజు ఉదయం చెక్క తుడుస్తూ గ్లాసుల వరుస మార్చింది. ముదురు రంగులు ఎడమకు, లేత రంగులు కిటికీ వైపుకు: నీలం, ఊదా, ఎరుపు, ఆకుపచ్చ, పొగ, తేనె. చీర అంచులో చీకటి నుంచి వెలుగుకు రంగులు నడిపించినట్టు. నిజంగానే ఆ కొద్దిపాటి వెలుగూ చెక్క మీద ఒక చివర నుంచి మరో చివరకు పాకుతున్నట్టు కనిపించింది. "ఇప్పుడు మంచిగున్నది," అని తనకు తానే చెప్పుకుంది.

ఆ మధ్యాహ్నం సర్వేయరు అందరికంటే ముందు వచ్చాడు. చెక్క దగ్గరకు వెళ్లి, గ్లాసు తీసుకుని, నీళ్లు ముంచుకుని వచ్చి కూర్చుని తాగాడు. పెద్ద గుమాస్తా గారు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి చెక్క వైపు చూశారు. తరువాత అతని చేతి వైపు చూశారు.

"అది నాది," అన్నారు.

"లేదు సారూ, ఇది నాదే. రోజూ గిదే తీసుకుంట," అన్నాడు సర్వేయరు, ఎంతో మర్యాదగా.

"నాది అంటున్న గద."

"మీది పక్కకుంటది సారూ. సూడున్రి."

పెద్ద గుమాస్తా గారి ముఖం గ్లాసు కంటే ఎర్రబడింది. "అమ్మా," అన్నారు చిన్నమ్మతో, సర్వేయరు వైపు చూడకుండా. "తప్పయితె ఓర్చుకుంట. ముఖం మీదనే నాది అనుడు తప్పు కాదు, బద్తమీజీ. సోమవారం కల్లా ఈ పిల్లగానికి వరండల పీట వెయ్యి. లేదంటె మేం ముగ్గురం వేరే జాగ సూసుకుంటం." వడ్డించిన పళ్లెం వదిలి వెళ్లిపోయారు. ఇద్దరు గుమాస్తాలు ఒక నిమిషం తటపటాయించి, పప్పు వైపు ఒకసారి చూసి, ఆయన వెనుకే లేచారు.

చిన్నాయన గుమ్మం దాకా వాళ్ల వెంట వెళ్లాడు. "సారూ, ఒక్క ముచ్చట. బస్టాండు కాడ మీరు రోజు తాగె చాయ్ గిలాస మీద ఎవరి పేరు రాసుంటది?"

"చాయ్ సంగతి వేరు," అన్నారు ఆయన చెప్పులు తొడుక్కుంటూ.

"గట్లనా? చాయ్ వేడికి అన్ని కాలిపోతయి గావచ్చు. మరి రేపటి సంది మీకు సలసల కాగె నీళ్లు పొయ్యమంట."

చిన్నమ్మ లోపలి నుంచి చిన్నాయనను గట్టిగా పిలిచింది. అది గురువారం. శుక్ర, శనివారాలు బల్ల దగ్గర ముగ్గురమే ఉన్నాం. చిన్నమ్మ ఆరుగురికీ వండింది.

ఆదివారం సర్వేయరు మా ఇంటికి వచ్చాడు. ఏదో చెప్పాలని వచ్చి చెప్పలేక కూర్చున్నాడు. ఊరికే కూర్చున్న మనిషిని చూసి చిన్నమ్మ ఓర్చుకునేది కాదు. "బిడ్డా, పెరట్ల చెట్లకు పండు మిరపకాయలున్నయి. నాలుగు తెంపుకరా, తొక్కు నూరుత," అంది. అతను వెళ్లి చాలాసేపటికి దోసిలి నిండా తెచ్చాడు. వాటిలో సగం పచ్చివి. నేను కిటికీలోంచి చూశాను, అతను ఒక్కొక్క కాయనూ వేళ్ల మధ్య నొక్కి, మెత్తగా ఉందా లేదా అని తెలుసుకుని కోస్తున్నాడు.

"ఏందిర, నీ కండ్లల్ల అప్పుడే పొద్దు గూకిందా?" అన్నాడు చిన్నాయన.

ఆఫీసులో నేను రోజూ చూస్తూనే గమనించని సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. నక్షా మీద ఎర్రసిరా గీత గీయవలసి వచ్చినప్పుడల్లా అతను సీసాను తిప్పి, కాగితం మీద పేరు చదివి, అప్పుడు కలం ముంచేవాడు. సీసా తెరిచి ఉన్నా, సిరా కంటికి కనిపిస్తున్నా, చదివేవాడు. నేను లేచి చెక్క మీది ఎరుపు, ఆకుపచ్చ గ్లాసులు తెచ్చి అతని ముందు పెట్టాను.

"వీటిల నీది ఏది?"

అతను రెండింటినీ చూశాడు. తరువాత నన్ను చూశాడు. "చెక్క మీద ఉంటె చెప్తనన్నా," అన్నాడు మెల్లగా. "ఎడమ నుంచి మూడోది నాది."

"ఇప్పుడు?"

"రెండు ఒక్కతీరే ఉన్నయి. ఇది జర చీకటిగ ఉన్నది, ఇది జర తేటగ ఉన్నది. ఎండలయితె ఇంక కొద్దిగ ఎరుకైతది. చిన్నప్పటి సంది గంతె. పర్మనెంటు కాయితాలు ఇంక రాలే. ఆఫీసుల తెలిస్తె..."

చిన్నమ్మ రోకలి ఆపి వింటోంది. లేచి వచ్చి ఆ చెక్క వైపు చూసింది, తాను ముదురు నుంచి లేతకు పేర్చిన వరుస వైపు. "నేను జరిపిన," అంది. "జాగ మార్చింది నేను. నువ్వు నీ జాగలనే తీసుకున్నవు."

"పోనియ్యమ్మా. నేను రేపటి సంది ఈడికి రాను. గదే చెప్దామని వచ్చిన. నా ఒక్కని కోసం మీ బల్ల ఖాళీ కావద్దు."

"నువ్వు పోతె మిగిలేది బల్ల కాదు, మా మగ్గం చెక్క," అంది చిన్నమ్మ. "అది ఇంతకు ముందే ఒకసారి ఖాళీ అయింది. సోమవారం టైముకు రా. చెప్పాల్నా వద్దా అన్నది నీ ఇష్టం, నీ నౌకరి. నేను మాత్రం వరండల పీట వెయ్య."

సోమవారం ఆమె గ్లాసులను పాత వరుసలోకి మార్చింది. పన్నెండున్నరకు పెద్ద గుమాస్తా గారు వచ్చారు. భోజనానికి కాదు, చిన్నమ్మ నిర్ణయం వినడానికి, గడప అవతలే నిలబడ్డారు. వెనుక ఇద్దరు గుమాస్తాలు. చిన్నమ్మ నోరు తెరిచేలోపు సర్వేయరు లేచాడు. ఎర్ర గ్లాసు, పచ్చ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని గడప దగ్గరకు నడిచాడు.

"సారూ, నాకు ఎరుపు, పచ్చ ఒక్కతీరుగ కనపడతయి. మొన్న మీతోటి ఎదురు మాట్లాడాలని అనలే. నాదే అనుకున్న."

ఉద్యోగుల స్థిరీకరణ కాగితాలు కదిలేది ఈ పెద్ద గుమాస్తా గారి బల్ల మీదుగానే. గదిలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఆయన చాలాసేపు నమ్మలేదు. రెండు గ్లాసులూ తీసుకుని, వీపు వెనుక చేతులు మార్చి, ముందుకు చాచి అడిగారు. సర్వేయరు తప్పు చెప్పాడు. మళ్లీ మార్చారు. సరిగ్గా చెప్పాడు. మూడోసారి మళ్లీ తప్పు. చిన్నపిల్లల ఆటలాంటి ఆ పరీక్షలో ఆయన ముఖంలోని బిగువు ఒక్కొక్క మెట్టే దిగడం నేను చూశాను.

"మరి సిరా ఎట్ల?"

"సీస మీద పేరు చదువుత సారూ."

"పేరు ఊడిపోతె?"

"ఎవరినన్న అడుగుత."

ఆయన నా వైపు తిరిగారు. "ఇప్పటి దాక ఇతని నక్షాలల్ల తప్పు వచ్చిందా?"

"ఒక్కటి కూడ రాలేదు సారూ," అన్నాను. అది నిజం.

"చదివి చేసెటోడు చూసి చేసెటోని కన్న నయం," అన్నారాయన, ఎవరితోనో తేలని స్వరంతో. చెప్పులు విప్పారు. "ఈ ముచ్చట ఈ బల్ల దాటద్దు," అన్నారు వెనుక ఉన్న ఇద్దరితో. తరువాత రెండు గ్లాసులనూ సర్వేయరు చేతుల్లోనే పెట్టారు. "నువ్వు తేడ చెప్పలేనప్పుడు ఇందుల ఒకటి నాది, ఒకటి నీది అనుకుంటె రోజు ఇదే పంచాయితి. రెండు నువ్వే ఉంచుకో. నాకు ఆ తేనె రంగుది ఇయ్యమ్మా. అది ఎట్ల కనపడతది నీకు?"

"పసుప్పచ్చగ, మంచిగ కనపడతది సారూ."

"అయితె దాన్ని ముట్టవు."

అందరికంటే ముందు చిన్నాయన నవ్వాడు. తేనె రంగు గ్లాసు నాది. చిన్నమ్మ దాన్ని ఉప్పుతో రెండుసార్లు తోమి ఆయనకు ఇచ్చింది. నాకు ఒక ఇత్తడి గ్లాసు దొరికింది. ఆయన తన ఆచారాన్ని వదులుకోలేదు. ఎంతో ఇష్టపడి ఎంచుకున్న ఎర్ర గ్లాసును వదులుకున్నారు. ఆ రోజుకు అది తక్కువేమీ కాదని చిన్నమ్మ అభిప్రాయం. మరునాడు ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆమె నా చేతికి రెండు నూలు పోగులు ఇచ్చింది. రంగు అంటకుండా నూలుకు కట్టే బిగువు ముడులు వాటి మీద ఉన్నాయి, ఒకదానికి ఒకటి, మరోదానికి రెండు. ఎర్రసిరా సీసా మెడకు ఒక ముడి, ఆకుపచ్చకు రెండు. ఆ పోగులు ఆఫీసులో ఏళ్ల తరబడి ఉన్నాయి. వాటిని విప్పమని పెద్ద గుమాస్తా గారు ఏనాడూ అనలేదు. ఆ శీతాకాలంలో సర్వేయరు ఉద్యోగం స్థిరపడింది. దవాఖానలో అతనికి జరిగిన కంటి పరీక్ష దూరాన ఉన్న అక్షరాలు చదివించడం వరకే.

గాజు కాబట్టి గ్లాసులు పగలవలసినప్పుడు పగిలాయి. నీలం గ్లాసు మరుసటి ఏడే పోయింది. ఊదాది, పొగ రంగుది ఒకే రోజు, పిల్లి చెక్క మీదికి దూకినప్పుడు. అలాంటివి నల్లగొండలో దొరకలేదు, హైదరాబాదు పోయే తీరిక మాకు దొరకలేదు. మొదట్లో ఎవరికి వాళ్లు ఇంటి నుంచి ఇత్తడివో స్టీలువో తెచ్చుకున్నారు. తేనె రంగు గ్లాసును 1966 వేసవికి ముందు చిన్నాయన మోచేయి పడగొట్టింది. పెద్ద గుమాస్తా గారు సంచిలో ఒక ఇత్తడి గ్లాసు పెట్టుకుని రావడం మొదలుపెట్టారు.

ఆ వేసవిలో జిల్లా అంతటా బావులు అడుగంటాయి. ఒక మధ్యాహ్నం ఆయన ఖజానా ఆఫీసు నుంచి నడిచి వచ్చి, గడప లోపల అడుగు పెట్టి, గోడ పట్టుకుని నిలబడిపోయారు. పెదవులు ఎండి తెల్లబడ్డాయి. సంచి తీసి గ్లాసు వెతుక్కునే ఓపిక ఆయనకు లేదు. రంజన్‌కు దగ్గరగా ఉన్నది సర్వేయరు. చేతికందిన గ్లాసు ముంచి పరుగున తెచ్చి ఇచ్చాడు. అది ఎరుపా, ఆకుపచ్చా అన్నది అతనికి తెలియదు. పెద్ద గుమాస్తా గారికి తెలుసు. ఆ గ్లాసు వైపు చూశారు, తన తెల్లచొక్కా మీద పడిన ఎర్రటి నీడ వైపు చూశారు. పెదవి ఆనించి, ఆపకుండా, అడుగు కనిపించే దాకా తాగారు.

"ఇంకొకటి," అన్నారు గ్లాసు చాచి.

రెండోసారి సర్వేయరు ఆకుపచ్చ గ్లాసులో తెచ్చాడు. దాన్నీ తాగారు. చిన్నమ్మ అప్పుడు గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి వెళ్లి అన్నం గిన్నె దించింది. మరునాటి నుంచి ఆయన సంచిలో ఇత్తడి గ్లాసు కనిపించలేదు. చెక్క మీద ఏది ముందు అందితే అది తీసుకునేవారు. కొన్నాళ్లకు మిగతావాళ్లు కూడా.

బల్ల పదకొండేళ్లు నడిచింది. చివరికి వయసు మీద పడ్డాక చిన్నమ్మ తనంతట తాను ఆపేసింది.

ఖర్చయినవి: ఆరు గ్లాసులకు తొమ్మిది రూపాయలు, ముగ్గురి బస్సు కిరాయి, ఒక మగ్గం, తిరిగి నిలబెట్టలేదు. పగిలినవి: నీలం, ఊదా, పొగ, తేనె, తరువాత ఎరుపు. మిగిలింది: ఆకుపచ్చది ఒకటి, అంచున చిన్న పెచ్చు లేచింది. చిన్నమ్మ నేసిన బట్ట: చిరిగి గుడ్డపేలికలయింది. వృథా అయిన అన్నం: గురువారం మూడు పళ్లేలు, శుక్ర, శనివారాలు మూడేసి. కోపంతో బల్ల వదిలిపోయినవారు: ముగ్గురు, నాలుగు రోజులు. తిరిగి రానివారు: ఎవరూ లేరు.